సిప్ సంగతి తర్వాత, అబ్బాయి చేతిలో ఆరు నెలల ఖర్చు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 31,000 వస్తుంది. హాస్టల్, తిండి, బైక్ ఈఎంఐ కలిపి 20,000 అవుతుంది. క్రెడిట్ కార్డు మీద 46,000, లోన్ యాప్‌లో 20,000 అప్పు ఉందని మొన్ననే తెలిసింది. నా పీఎఫ్ తీసి అప్పులు కట్టేసి, వాడి చేత నెలకు 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి) మొదలుపెట్టిద్దామనుకుంటున్నాను. ఏ ఫండ్ మంచిది? పాప డిగ్రీ రెండో ఏడాది.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏ ఫండ్ అని ఏడాదిన్నర తర్వాత అడగండి, చెబుతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిట్లోనూ అదే పొరపాటు: చేతిలో పదివేలు నిల్వ లేకుండా పెట్టుబడి గురించి ఆలోచించడం. రేపు బైక్ జారి కాలు విరిగితే ఆ సిప్ ఆపేసి మళ్లీ యాప్ దగ్గరికే వెళ్తాడు.

మీ పీఎఫ్ ముట్టుకోకండి. నెలనెలా మిగలాల్సిన 11,000 ఎటు పోతోందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ముందు అబ్బాయిని కూర్చోబెట్టి కార్డు స్టేట్‌మెంట్ చదివించండి, లెక్క వాడి చేతే వేయించండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దగ్గర్లో ఉంటుంది. 46,000 మీద అది 1,610. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,900. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, అని 2,300 కట్టినా అసలులో తగ్గేది 400! ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ చేసిన పిల్లవాడికి ఈ లెక్క ఎవరూ చూపించలేదు.

యాప్ అప్పు సంగతి రాస్తుంటేనే నాకు చిరాకొస్తుంది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో చూపించే పత్రం అప్పిచ్చే ముందే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మీవాడు అది చదవకుండా ఓకే నొక్కి ఉంటాడు. మొదటి రెండు నెలల 11,000లూ దానికే కట్టించి, యాప్ తీసేయించండి. కార్డు బాకీ మీ సేవింగ్స్ ఖాతాలోంచి తీర్చండి, కానీ చేబదులుగా. మూడో నెల నుంచి మీకు 5,000 తిరిగివ్వాలి, 6,000 అత్యవసర నిధికి వేయాలి. పదినెలల్లో మీ బాకీ పూర్తిగా తీరుతుంది, నిధిలో 60,000 చేరుతుంది. ఆ తర్వాత 11,000 మొత్తం అందులోకే, ఆరు నెలల ఖర్చు 1,20,000 అయ్యేదాకా.

ఆ డబ్బు వేరే బ్యాంకులో ఉండాలి. దానికి యూపీఐ ఉండకూడదు, డెబిట్ కార్డు మీ బీరువాలో ఉండాలి. ఉద్యోగం పోవడం అత్యవసరం. డెంగీతో చేరితే ఆసుపత్రి అడిగే అడ్వాన్స్ అత్యవసరం. బావ పెళ్లికి బట్టలు కాదు, ఆ పెళ్లి ఆరు నెలల ముందే తెలుసు కదా.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి తీసుకోమనండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి దానిపై జీఎస్టీ కూడా లేదు. వాడి జీతం మీద మీరెవరూ ఆధారపడి లేకపోతే టర్మ్ పాలసీకి (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) తొందర లేదు. స్నేహితులెవరైనా ఆప్షన్స్ ట్రేడింగ్ అంటే, మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పిందని గుర్తుచేయండి.

పాపకు మాత్రం ఈ డబ్బు పాఠం ఇప్పుడే మొదలుపెట్టండి. నెల ఖర్చు ఒకటో తారీఖునే మొత్తం ఇచ్చేయండి. ఇరవయ్యో తారీఖున ఫోన్ చేసి అయిపోయాయంటే, ఫోన్‌పే చేయకండి.