గెలిచిన మ్యాచ్ మీద రాసేటప్పుడు: మేనల్లుడికి ఒక ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

మన హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన 2022 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) ఫైనల్ మీద నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలూ చదివాను. "మనవాళ్ళు కేరళ బ్లాస్టర్స్‌ని ఉతికి ఆరేశారు" అని మొదలుపెట్టావు. ఆదివారం రాత్రి గోవా ఫతోర్డా స్టేడియంలో తొంభై నిమిషాలకు స్కోరు 1-1. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక కూడా 1-1. ఆ తర్వాత పెనాల్టీల్లో 3-1. ఇందులో ఉతికిందెక్కడ, ఆరేసిందెక్కడ? కప్పు హైదరాబాద్‌కి వచ్చినందుకు నాకూ నీ అంత సంబరమే. కానీ నువ్వు రాసింది మ్యాచ్ రివ్యూలా లేదు, పెళ్ళి పందిట్లో చదివే అభినందన పత్రంలా ఉంది.

ముందుగా ఒక పని చెయ్యి. మ్యాచ్ మళ్ళీ పెట్టుకుని 87వ నిమిషం దాకా చూసి అక్కడ ఆపెయ్. మనం ఓడిపోయామనే అనుకుని ఒక పేజీ రాయి. అందులో ఏం రాస్తావో ఇప్పుడే చెప్పగలను. కేరళ ఆటగాడు రాహుల్ కేపీ 68వ నిమిషంలో గోల్ కొట్టాడు, మనం వెనకబడ్డాం. అంతకుముందు ఫస్టాఫ్‌లో వాళ్ళ వాస్కెజ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలింది కాబట్టి సరిపోయింది. సీజన్ మొత్తంలో 18 గోల్స్ చేసిన మన ఓగ్బెచే ఖాతాలో ఆ రోజు ఒక్కటీ లేదు. అది ఎందుకో నువ్వే వెతుక్కోవాలి: బంతి అతని దాకా రాలేదా, వచ్చినా కేరళ డిఫెండర్లు, లెస్కోవిచ్ వాళ్ళు, తిరగనివ్వలేదా? ఈ పేజీ పూర్తయ్యాకే 88వ నిమిషం చూడు.

అప్పుడు స్కోరు సమం చేస్తూ మన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి, బంతి నేలని తాకకముందే కొట్టిన ఆ వాలీ ఎంత గొప్పదైనా దానికి ముందు జరిగిన ఆటని మార్చలేదు. ఫస్టాఫ్‌లో తప్పిపోయిన పాస్ తప్పిపోయినట్టే ఉంటుంది. నీ వ్యాసంలో మాత్రం ఆ గోల్ పడగానే వెనకటి తప్పులన్నీ "ఓపికగా ఆడిన ఎత్తుగడ" అయిపోయాయి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఓడితే తప్పు అని రాసేదాన్ని, గెలిచాం కదా అని ఎత్తుగడ అని రాసిన చోటల్లా గీత పెట్టు. ఆ వాక్యాలన్నీ మళ్ళీ రాయాలి.

ఇక మన గోల్‌కీపర్ కట్టిమణి సంగతి. "కట్టిమణి దేవుడు" అని మూడు చోట్ల రాశావు, 68వ నిమిషం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రాహుల్ షాట్‌కి కట్టిమణి చెయ్యి తగిలింది. తగిలీ లోపలికి పోయింది. ఆ స్థాయి గోల్‌కీపర్ ఆపాల్సిన బంతి అది, అతన్ని అడిగినా ఆ మాటే అంటాడని నా నమ్మకం. దాన్ని దాచిపెడితే అతనికేదో మేలు చేసినట్టు నీకు అనిపించవచ్చు. నాకైతే అన్యాయం చేసినట్టు ఉంది. ఎందుకో చెప్తాను.

పెనాల్టీ షూటౌట్ మళ్ళీ చూడు. మొదట లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు. మనవైపు నుంచి జోవావ్ విక్టర్ గోల్ చేశాడు. తర్వాత కేరళ నిషు కుమార్‌ది కూడా కట్టిమణి ఆపాడు. అయితే బంతి తన్నేలోపే గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టించాడు. తన్నే క్షణంలో కీపర్ కాలు ఒక్కటైనా గోల్ లైన్ మీద ఉండాలి, అదీ రూల్. అదే మనిషి, అదే చోట మళ్ళీ నిలబడ్డాడు, నిషుది రెండోసారీ ఆపాడు. వెంటనే మన సివేరియో పైకి కొట్టేసి ఆ లాభం కాస్తా పోగొట్టాడు. వాళ్ళ ఆయుష్ అధికారి గోల్ చేయడంతో 1-1. మన కమారా గోల్ కొట్టాడు, వాళ్ళ జీక్సన్‌ది కట్టిమణి ఆపాడు, మన హలిచరణ్ నర్జారీ గోల్‌తో ముగించాడు. గంట పైచిలుకు కిందట చేతిలోంచి గోల్ వదిలేసిన మనిషి ఇదంతా చేశాడు. ఇందులో నిషు రెండో పెనాల్టీకి ముందు ఆ కొద్ది సెకన్లే నాకు మ్యాచ్ మొత్తంలో ఇష్టమైనవి. నువ్వు 68వ నిమిషం తీసేశావు కాబట్టి నీ పాఠకుడికి వాటి విలువ తెలియదు.

షూటౌట్‌కి వేరే పేరా పెట్టు, జట్టు ఆటని దాంతో కొలవకు. రికార్డుల్లో కూడా అలాంటి మ్యాచ్‌ని డ్రా కిందే రాస్తారు. కప్పు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి పెట్టిన ఏర్పాటు అది. అందుకే 3-1 చూపించి "మన అటాక్ పవర్" అంటే ఎవరూ ఒప్పుకోరు. నన్ను అడిగితే ఆ 120 నిమిషాలకు మన జట్టుకి పదికి ఆరు వేస్తాను. లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు ఇంతకంటే చాలా బాగా ఆడగలదని మనం సీజన్ అంతా చూశాం. కోచ్ మనోలో మార్కెజ్‌కి మాత్రం ఎనిమిది. గోల్ చేసిన తవోరాని సబ్‌స్టిట్యూట్‌గా దింపింది అతనే కదా. నువ్వు అతని పేరే ఎత్తలేదు!

కేరళ గురించి నీ వ్యాసంలో రెండే వాక్యాలు, రెండూ వెటకారమే. వాళ్ళ ముఖ్యమైన ఆటగాడు సహల్ గాయంతో ఫైనల్ ఆడలేదని రాయాలి. 2014, 2016ల్లో కూడా ఫైనల్ దాకా వచ్చి ఓడినవాళ్ళని రాయాలి. కోవిడ్ వల్ల రెండు సీజన్లు ఖాళీ స్టేడియాల్లో ఆడాక జనాన్ని రానిచ్చిన ఆ రోజు గ్యాలరీల్లో ఎక్కువమంది వాళ్ళ అభిమానులే. అంత హోరులో మనవాళ్ళు వెనకబడి, స్కోరు సమం చేసి, పెనాల్టీలు కొట్టి గెలిచారు. నీ జట్టుకి ఇంతకంటే పొగడ్త ఏం కావాలి?

మా చిన్నప్పుడు సికింద్రాబాద్ గ్రౌండ్ల దగ్గర పెద్దవాళ్ళు 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ చెప్పేవాళ్ళు. మన హైదరాబాద్ మాస్టారు రహీం సాబ్ కోచ్‌గా ఉండి గెలిపించిన బంగారు పతకం అది. కథ ఎప్పుడూ ఫైనల్‌తో మొదలయ్యేది కాదు. ముందు గ్రూప్ మ్యాచ్‌లో అదే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఎలా ఓడామో చెప్పేవాళ్ళు. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందు వరసలో ఎందుకు ఆడించారో ఆ తర్వాత. పీకే బెనర్జీ, జర్నైల్ గోల్స్‌తో 2-1 అన్న మాట అన్నిటికంటే చివర. వింటున్న మాకు ఫలితం ముందే తెలుసు, అయినా టెన్షన్ తగ్గేది కాదు.

మిగతావి చిన్నవి. రెండోసారి చూసేటప్పుడు సౌండ్ ఆపెయ్, లేకపోతే కామెంటేటర్ అభిప్రాయం నీదైపోతుంది. ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి మన డిఫెండర్ ఆకాశ్ మిశ్రాని ఒక్కణ్ణే చూడు, అతను పైకి వెళ్ళినప్పుడు వెనక ఖాళీని ఎవరు కాస్తున్నారో గమనించు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి కనపడనిది ఊహించి రాయకు. "చరిత్ర సృష్టించారు" ఒక్కసారి చాలు, మొదటి టైటిలే కాబట్టి అది నిజమే. "కనీవినీ ఎరుగని" మాత్రం తీసెయ్.

నర్జారీ చివరి పెనాల్టీకి నడుస్తుంటే చూడలేక వంటింట్లోకి పారిపోయానని రాశావు చూడు, అది మాత్రం అలాగే ఉంచు. కాకపోతే మొదటి పేజీలోంచి తీసి షూటౌట్ పేరాలో పెట్టు. శుక్రవారం లోపల రెండో కాపీ పంపు, ఈసారి రెండు పేజీలు దాటకూడదు. పరీక్షలు పెట్టుకుని ఇదేం పని అని మీ అమ్మ అడిగితే నా పేరు చెప్పకు.

మీ మావయ్య