దుబాయి పోనంటే చేతకానివాడినా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామం. నాన్న 18 ఏళ్లుగా దుబాయిలో భవన నిర్మాణ పనిలో ఉన్నారు. నేను పదో తరగతి తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి, ఊళ్లోనే బోరు మోటార్లు బాగుచేస్తున్నాను. లక్షన్నర ఇస్తే ‘ఆజాద్ వీసా’ తెప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. నాన్న కూడా రమ్మంటున్నారు కానీ, నాకు వెళ్లాలని లేదు. ఊళ్లో ఉండేవాడికి పిల్లనెవరిస్తారని బంధువులు నిలదీస్తున్నారు. నా ఆలోచన తప్పా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పు కాదు. మీ నాన్నగారి తరంలో చాలామంది బోర్లు ఎండి, అప్పులు పెరిగి, వేరే దారి లేక దుబాయి విమానమెక్కారు. ఆ డబ్బుతో స్లాబు ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. దానితో ఒకప్పుడు అప్పు తీర్చే మార్గంగా ఉన్న ప్రయాణం మీ తరానికి వచ్చేసరికి మగపిల్లవాడి విలువ కట్టే కొలతగా మారింది. ఊళ్లో మోటారు బాగుచేసే కుర్రవాడిని ‘ఒరేయ్’ అని పిలిచే పెద్దమనిషే, వాడు రెండేళ్ల తరువాత అత్తరు సీసాతో దిగితే కుర్చీ వేస్తాడు. మీ ఈడువారిలో కొందరు జీతమెంతో అడగకుండానే పాస్‌పోర్టు తీసుకోవడం వెనుక ఈ కుర్చీ మీది ఆశ కూడా ఉందని నా అభిప్రాయం.

పెళ్లి సంగతి బంధువులను కాక మీ అమ్మగారిని అడగండి. భర్త సెలవు మీద వచ్చిపోయే ఇంటిని ఇన్నేళ్లు ఒంటరిగా నడిపిన ఆమెకు తెలిసినంతగా, ‘దుబాయి సంబంధం’ అంటే ఏమిటో మరెవరికీ తెలియదు.

ఇక ఏజెంటు మాట. ‘ఆజాద్ వీసా’ అనేది చట్టంలో లేదు. ఒక యజమాని పేరు మీద వీసా తీసి, మరోచోట పని చేయించడాన్నే అలా పిలుస్తారు. అలా వెళ్లినవాడు పట్టుబడితే దేశం విడిచి రావలసిందే, జీతం ఎగ్గొట్టినా ధైర్యంగా ఫిర్యాదు చేయలేడు. లైసెన్సు ఉన్న ఏజెంటు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలన్నది మన దేశపు నిబంధన కాబట్టి, లక్షన్నర అడిగినప్పుడే ఆ మనిషి ఎలాంటివాడో తేలిపోయింది. మరో సంగతి: పదో తరగతి పాసైనవారికి వచ్చే ఈసీఎన్ఆర్ (వలస తనిఖీ అక్కర్లేని) పాస్‌పోర్టుకు, పనికి విదేశం వెళ్లేవారి పత్రాలు చూసే ప్రభుత్వ అధికారి ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనుమతి అవసరం లేదు. అది సౌకర్యమే, కానీ మీ ఒప్పంద పత్రాన్ని మీరు తప్ప చదివేవారు ఉండరు. ముందుముందు మనసు మారితే ఎలక్ట్రీషియన్‌గానే, కంపెనీ పేరూ జీతమూ రాసిన ఒప్పందంతో, ఏజెంటు లైసెన్సును కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకొని వెళ్లండి.

అయితే మోటార్ల పని యాసంగిలో ఉన్నట్టు ఏడాది పొడవునా ఉండదు. వైండింగుకు, ఇళ్ల వైరింగుకు ఏ నెలలో ఎంత వచ్చిందో పుస్తకంలో రాసి నాన్నగారికి చూపించండి. మిమ్మల్ని రమ్మనడంలో ఆయన తిరుగు ప్రయాణపు ఆశ దాగి ఉండవచ్చు. కొడుకు అక్కడ కుదురుకుంటే తప్ప తాను ఇంటికి చేరలేనని అనుకుంటున్నారేమో, నేరుగా అడగండి. ఈ మాటలు తేలేవరకు పాస్‌పోర్టును ఏజెంటు చేతికి ఇవ్వకండి.