డాక్టర్ సలహా: వానొస్తే ఇంట్లో భయం, ఊరెళ్తే ఇంటి మీద బెంగ

ప్రశ్న: నా వయసు 56. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇరవయ్యారేళ్లుగా సొంతింట్లో ఉంటున్నాం. కింద వాటా మాది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. ఎదురింటివాళ్ల మేడ మీద ఐదు రోజులు ఉన్నాం, మొత్తం పదకొండు మందిమి, ఒక్క స్టవ్. మురుగుకాలవ గొడవతో నాలుగేళ్లుగా నాతో మాటల్లేని పక్కింటావిడ తన చీర తెచ్చి కట్టుకోమని ఇచ్చింది. అప్పట్నుంచీ వాన మొదలైతే చాలు, నాకు నిద్ర పట్టదు. రాత్రి నాలుగైదుసార్లు లేచి గేటు దగ్గరికి వెళ్లి, టార్చి వేసి రోడ్డు మీద నీళ్లున్నాయేమో చూసొస్తాను. గుండె దడ, చేతులకు చెమటలు. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వాడుతున్నాను. మామూలుగా 130/80 ఉంటుంది, వానరోజుల్లో 160/100 చూపిస్తోంది. మా వారికి రాసిచ్చిన ఆల్ప్రాజోలమ్ మాత్ర రెండు నెలలుగా రోజూ రాత్రి నేనే వేసుకుంటున్నాను. పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నారు. వెళ్లి నెల రోజులు ఉన్నాను. అక్కడ వాన పడ్డా నిద్ర పట్టింది గానీ తిండి సయించలేదు, మాట్లాడే మనిషి లేదు, ఎప్పుడెప్పుడు వచ్చేద్దామా అనే ధ్యాసే. ఇది జబ్బా? ఈ పేట వదిలేస్తే తగ్గుతుందా? ఇంకో సంగతి. గోడలన్నిటికీ రంగులు వేయించాం గానీ బీరువా వెనక నీళ్ల గీత మాత్రం చెరపనివ్వలేదు. మా అమ్మాయి చూసి "ఇదేం పిచ్చమ్మా" అంది. పిచ్చేనంటారా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ప్రశ్నను ముందు రెండుగా విడదీస్తాను. వాన పడితే నిద్ర పట్టకపోవడం, దడ, గేటు దగ్గరికి తిరగడం వైద్యం చేయించుకోవాల్సిన విషయం. మంచి వైద్యమే ఉంది. పిల్లల దగ్గర ఉండి మీ వీధి మీద బెంగ పెట్టుకోవడం మాత్రం జబ్బు కాదు. దానికి నా దగ్గర మాత్ర లేదు, అక్కర్లేదు కూడా. మీ ఇంట్లో ఈ రెండూ కలగాపులగమై "ఇల్లు అమ్మాలా, వద్దా" అనే ఒక్క ప్రశ్నలో ఇరుక్కున్నాయి. అందుకే ఎవరెంత మాట్లాడినా తెగడం లేదు.

భయం సంగతి చూద్దాం. ఆ ఆదివారం మీ ఇంట్లోకి వచ్చింది ఉత్త వాననీరు కాదు. బుడమేరు కట్టకు గండ్లు పడి ఏరు ఏరంతా పేట మీదికి మళ్లింది. వరదంటే కృష్ణానది ఒడ్డున ఉన్న కృష్ణలంక వాళ్లది కదా, మనకేం అనుకున్నవాళ్లు మీ వైపు చాలామందే. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకాయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది: "పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే మెట్టు దగ్గర నీళ్లు. పాలు కాగేసరికి మంచం కోళ్లు మునిగాయి." ఇంత తక్కువ సమయంలో ఇంత పెద్ద ముప్పు ఎదురైతే మెదడు దాన్ని మామూలు జ్ఞాపకంలా ఒక మూల పడేయదు. అలారంలా బిగించి పెట్టుకుంటుంది. చినుకు చప్పుడు, తడిసిన బురద వాసన, టీవీలో "అల్పపీడనం" అన్న మాట, ఏది తగిలినా మోగుతుంది. గండి పడ్డ రోజుకీ సన్నజల్లు పడే రోజుకీ తేడా ఆ అలారానికి తెలియదు. మీకు తెలుసు, దానికి తెలియదు. పెద్ద విపత్తు తర్వాత చాలామందికి మొదటి వారాల్లో ఇలా ఉండి దానంతట అదే సర్దుకుంటుంది. నెల దాటినా పోకపోతే, పీడకలలు, ఉలికిపాటు, ఆ రోజును గుర్తుచేసే వాటిని తప్పించుకు తిరగడం కూడా ఉంటే, పీటీఎస్‌డీ, అంటే పెద్ద ముప్పు ఎదురైన తర్వాత మనసును పట్టుకునే జబ్బు, ఆ కోణంలో చూస్తాం. మనిషిని చూడకుండా ఆ ముద్ర వేయను. కానీ చూపించుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది ఆ గేటూ, టార్చీ. లేచి వెళ్లి చూస్తారు, రోడ్డు పొడిగా ఉంటుంది, హమ్మయ్య అనుకుంటారు. పది నిమిషాలు నెమ్మది. మళ్లీ అనుమానం. నీళ్లు లేవని కళ్లు చూస్తున్నాయి గానీ, ఒంటికి పడుతున్న పాఠం వేరు: "నేను చూశాను కాబట్టే నీళ్లు రాలేదు." అందుకే ఎన్నిసార్లు చూసినా సరిపోదు. ఇవాళ నాలుగుసార్లు, వచ్చే ఏడు ఎనిమిదిసార్లు. చూడటం పూర్తిగా మానేయమని అనను, ఎందుకంటే మీ భయం ఉత్తిది కాదు. బుడమేరు 2005లోనూ ఊరిమీద పడింది. దాన్ని విజయవాడ దుఃఖదాయిని అనడం ఊరికే పుట్టిన మాట కాదు. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనేవాళ్ల మాట మీకు రుచించకపోవడానికి కారణం అదే. ఆ విషయంలో మీ వైపే నేను.

కాబట్టి జాగ్రత్తను పగటికి మార్చండి, రాత్రి నిద్రకు వదలండి. ఒక సంచీలో పదిహేను రోజుల మందులు, ఆధార్, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో, పవర్ బ్యాంకు, ఒక జత బట్టలు. ఎదురింటివాళ్లతో మాట అనుకోండి: నీళ్ల కబురు తెలిస్తే ఎంత రాత్రయినా తలుపు కొడతామని. వాళ్లు కాదనరు, అది మీకూ తెలుసు. వాన ఉన్న రోజు పడుకునే ముందు ఒక్కసారి విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిక చూడండి, ఒక్కసారి గేటు చూడండి, అంతే. వాట్సాప్‌లో ఏ ఊరిదో, ఏ ఏటిదో తెలియని వరద వీడియోలు వస్తుంటాయి. వాటిని తెరవకండి. వీధిలో నలుగురు కలిసి వంతులు వేసుకుంటే ఇంకా మంచిది. ఇవాళ కాపలా మీది కాదని తెలిస్తే ఒళ్లు కాస్త వదులవుతుంది.

రెండోది కాస్త కష్టం. పగటిపూట సన్నజల్లు పడేటప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని అరగంట కూర్చోండి. దడ వస్తుంది. రానివ్వండి, లేచి లోపలికి మాత్రం వెళ్లకండి. కాసేపటికి దానంతట అదే దిగడం మొదలవుతుంది. అలా దిగడాన్ని మీ ఒళ్లు చూడాలి, అదే మందు. మొదటి రెండు మూడుసార్లు తోడు ఎవరైనా ఉంటే బాగుంటుంది. చీర ఇచ్చినావిడ ఉండనే ఉంది కదా. తట్టుకోలేనంతగా అనిపిస్తే ఇంట్లో సొంతంగా చేయొద్దు, వైద్యుల దగ్గరే మొదలుపెడదాం.

ఇక మందులు. ఆల్ప్రాజోలమ్ మీకు రాసింది కాదు, డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ తర్వాత అది లేకుండా నిద్ర రాని స్థితికి తెస్తుంది. రాత్రిళ్లు మత్తులో లేచి గేటుదాకా నడుస్తున్నారంటే మీ వయసులో పడి తుంటి ఎముక విరగడమే నాకు గుర్తొస్తుంది. పైగా ఆ మత్తు భయం మీద మూత పెడుతుందే గానీ భయాన్ని కరగనివ్వదు. అయితే ఇది చదివి ఇవాళే ఆపేయకండి. రెండు నెలలు రోజూ వేసుకున్న మాత్రను ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది, కొందరికి వణుకు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. దాని బదులు అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందు ఇస్తారు. మూడు నాలుగు వారాలకు గానీ గుణం కనిపించదు, మత్తుమందులా అలవాటు పడదు. మందు కన్నా ముందు చెప్పుకోవాల్సింది మాటల వైద్యం. ఆ రోజు జరిగినదాన్ని శిక్షణ ఉన్న మనిషి దగ్గర క్రమంగా చెప్పుకోవడం, అలారాన్ని కొద్దికొద్దిగా సడలించడం. ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగులు పట్టొచ్చు. మీ ఊరి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడిదాకా వెళ్లడానికి జంకు ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే ఫోన్ సేవ. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఒకటి అడగాలి. ఆ మాత్ర మీ వారికి ఎందుకు రాశారో మీరు చెప్పలేదు. ఆయనా ఆ నీళ్లలోంచి వచ్చినవారే కదా. మగవాళ్లు వాన భయమని చెప్పరు. నిద్ర పట్టట్లేదంటారు, కడుపులో మంటంటారు. వచ్చేటప్పుడు ఆయన్నీ తీసుకురండి. ఆయన మాత్ర మీరు వేసుకుంటుంటే ఆయన ఏం వేసుకుంటున్నారో కూడా తెలుసుకోవాలి.

బీపీ గురించి క్లుప్తంగా చెబుతాను. దడతో గేటు దగ్గర్నుంచి వచ్చి చూసుకున్న 160/100ను లెక్కలోకి తీసుకోలేం. ఐదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చున్నాక, ఉదయం, సాయంత్రం, వారం రోజులు చూసి రాసుకురండి. సొంతంగా డోసు పెంచొద్దు. దడకు భయమే కారణమని తేల్చేముందు థైరాయిడ్, రక్తం శాతం, షుగర్, ఒక ఈసీజీ చూడాలి. మీ వయసులో నెలసరి ఆగిన తర్వాత వచ్చే ఒంటి ఆవిర్లూ ఇలాగే చెమటలు పట్టిస్తాయి. ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే మాత్రం భయమేనని సర్దిచెప్పుకోకుండా 108కి ఫోన్ చేయండి. గోడలు ఇంకా చెమ్మగా ఉండి బూజు వాసన వస్తుంటే అది దగ్గుకూ ఆయాసానికీ కారణం కావొచ్చు. ఆ వాసన పోతే అలారం మోగించేది కూడా ఒకటి తగ్గుతుంది.

ఇప్పుడు పేట వదిలేయడం గురించి. పిల్లల మాట ప్రేమతో అన్నదే. కానీ వాళ్లు చూసింది మునిగిన ఇంటిని. ఎదురింటి మేడ మీద ఆ ఒక్క స్టవ్ చుట్టూ జరిగింది వాళ్లు చూడలేదు. ఇరుగుపొరుగు మనసుకు ఊరటే కాదు, ప్రాణానికీ అడ్డుపడుతుందని వైద్యానికి తెలుసు. 1995 జులైలో షికాగోలో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ అని పక్కపక్కనే రెండు పేటలు, రెండూ పేదవే. నార్త్ లాండేల్‌లో చావులు సౌత్ లాండేల్‌తో పోలిస్తే దాదాపు పది రెట్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త వెళ్లి చూస్తే, చావులు తక్కువున్న చోట కొట్లతో, జనంతో వీధి కిటకిటలాడుతూ ఉంది, ఒంటరి ముసలివాళ్లు కూడా బయటికొచ్చే తీరు ఉంది. జపాన్‌ది మీకు ఇంకా దగ్గర ఉదాహరణ. ఇవానుమా అనే ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం మీద సర్వే జరిగిన ఏడు నెలలకే, 2011 మార్చిలో సునామీ వచ్చింది. ఇళ్లు పోయినవాళ్లలో కొందరు ఇరుగుపొరుగుతో గుంపుగా ఒకే చోటికి మారారు, కొందరు లాటరీలో ఇల్లు వచ్చిన చోటికి ఎవరికి వారు వెళ్లారు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత చూస్తే, కలిసి మారినవాళ్లలో రాకపోకలు, కబుర్లు పెరిగాయి, విడివిడిగా వెళ్లినవాళ్లలో తగ్గాయి. హైదరాబాద్‌లో మీకు తిండి సయించకపోవడాన్ని నేను ఈ వెలుగులో చూస్తాను.

అలాగని అక్కడే ఉండిపొమ్మని చెప్పే హక్కు నాకు లేదు. ఏరు పక్కన కింద వాటాలో ఉండటంలో ముప్పు ఉంది, అది నిజం. నేను అడిగేది ఒక్కటే: వైద్యం మొదలుపెట్టి ఒక వానాకాలం గడిచేదాకా ఇంటి అమ్మకం మాటెత్తొద్దు. భయంలో అమ్మిన ఇంటికి ధరా రాదు, మనసుకు సమాధానమూ రాదు. ఈలోగా మీ ఇంట్లో ఎవరికీ తట్టని ఇంకో దారి ఆలోచించండి. పేట మారకుండా ఎత్తు మారొచ్చు. అదే వీధిలో పై వాటా అద్దెకు తీసుకుని కింద వాటా అద్దెకిచ్చేయండి, చేతిలో డబ్బుంటే మీ ఇంటి మీదే ఒక గది వేసుకోండి. అద్దెకొచ్చేవాళ్లకు వరద సంగతి దాచకుండా చెప్పండి, నీళ్ల కబురు వస్తే వాళ్లకూ మీ వాటాలో చోటుండాలి. ఆనాటి పరిహారం గుర్తుందా, కింద ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులవాళ్లకు 10 వేలు. ఒకే వీధిలో కిందకీ పైకీ ఎంత తేడానో సర్కారు లెక్కే చెప్పింది.

చివరగా ఆ గీత. పిచ్చి కాదమ్మా. అంత జరిగిన ఇంట్లో అన్ని గోడలూ కొత్తగా మెరుస్తుంటే, ఏమీ జరగనట్టే ఉంటే మీకు ఊపిరాడి ఉండదు. కనీసం ఒక్క చోటైనా నిజం ఉండాలనిపించింది, ఉంచారు. నన్ను ఆలోచింపజేసేది అది బీరువా వెనక ఉండటం. దాచుకుని, రాత్రిళ్లు ఒంటరిగా తలుచుకునేదిగా మిగిలింది. ఒకరోజు బీరువా కాస్త జరిపించి, మీ వారూ మీరూ కలిసి చూడండి. పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. తర్వాత రంగు వేసుకుంటారో ఉంచుకుంటారో మీ ఇష్టం. వేసే ముందు మాత్రం టేపుతో ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి. దానికి మూరెడు పైన ఒక అల్మారా కొట్టించి మందులు, కాగితాలు, ఆ సంచీ అక్కడ పెట్టండి.