సీరియల్ కిల్లర్ సినిమాల్లో నా ఓటు ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’కే

"సీరియల్ కిల్లర్‌ని డిటెక్టివ్ వెతికే సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడిగారు. నా ఓటు 2003లో వచ్చిన కొరియన్ సినిమా ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’కి. తర్వాత ‘పారసైట్’తో ఆస్కార్ గెలిచిన బాంగ్ జూన్ హోనే దీని దర్శకుడు.

ఇలాంటి సినిమాకి హంతకుడి తెలివి కాదు, పోలీసు నిస్సహాయత ప్రాణం. గోపాలపట్నంలో మా బాబాయి పక్కన కూర్చుని చూసిన రోజు ఆ మాట నాకు గట్టిగా తలకెక్కింది. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. "ఇంత నీట్‌గా ఏ స్టేషన్ ఉంటుందిరా?" అంటూ పోలీసు సినిమాల మధ్యలోనే లేచిపోయే మనిషి. ఇందులో మొదట్లోనే పొలాల్లో శవం దొరుకుతుంది. జనం చుట్టూ మూగుతారు, పిల్లలు పరిగెడుతుంటారు. దొరికిన ఒక్క కాలిగుర్తు మీద నుంచి ట్రాక్టర్ వెళ్ళిపోతుంది. బాబాయి కుర్చీలోంచి లేచి "ఆపండ్రా దాన్ని!" అని అరిచారు. వంటింట్లోంచి పిన్ని కంగారుగా వచ్చింది. "మేం స్పాట్‌కి వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉండేది. ఇంకేం గుర్తులు మిగుల్తాయి?" అన్నారు ఆయన, నాతో కాదు, టీవీతో.

కాసేపటికి పోలీసులు ఓ అమాయకుడి బూటుతో దొంగ గుర్తు వేస్తారు. పిన్ని "ఇలాంటివి మీరూ చేశారా?" అని సూటిగా అడిగింది. "పై నుంచి టెన్షన్ ఎలా ఉంటుందో నీకేం తెలుసు" అన్నారు. చేయలేదని మాత్రం అనలేదు.

అది సినిమా కల్పన అనుకోకండి. కథకి ఆధారం 1986 నుంచి 1991 మధ్య దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌లో జరిగిన హత్యలు. అందులో ఒకదానికి, ఏ తప్పూ చేయని మనిషి దాదాపు 20 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. 2020లో కోర్టు నిర్దోషి అంది. అసలు హంతకుడు 2019లో డీఎన్‌ఏ ద్వారా బయటపడ్డాడు. మరదలి హత్య కేసులో అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆ పాత హత్యలకి కేసు పెట్టే గడువు మాత్రం దాటిపోయింది. జైల్లో ఆ సినిమా చూశానని, ఏమీ అనిపించలేదని కోర్టులో చెప్పాడట. చదివినప్పుడు నాకు రక్తం మరిగిపోయింది.

మన దగ్గరేమో చివరి అరగంట హంతకుడి చిన్ననాటి కష్టాలకి పోతుంది. చచ్చిపోయిన అమ్మాయిల పేర్లు కూడా మనకి గుర్తుండవు. 2022లో ‘హిట్ 2’ వచ్చినప్పుడు, కథ మన వైజాగ్‌లోనే అని ఎంతో ఆశగా వెళ్ళాను. అడివి శేష్ బాగా చేశాడు, ఊరూ బాగా కనిపించింది. కానీ అదీ చివరికి హంతకుడి గతం దగ్గరికే చేరింది. పైగా ఆ రోజు నా వెనక సీటాయన ఇంటర్వెల్‌కే "వీడే కిల్లర్" అని అందరికీ వినిపించేలా ఊహలు మొదలెట్టాడు. కిల్లర్ ఎవరన్నదే సినిమా అని మనకి అలవాటు చేసేశారు మరి.

కొరియన్ సినిమాలో ఆ పోలీసులకి ఉన్న ఒకే ఆశ అమెరికాకి పంపిన డీఎన్‌ఏ నమూనా. ఆ రిపోర్టు కోసం వాళ్ళు పడే యాతన ముందు ఏ ఛేజింగూ నిలవదు. మన దర్శకుల్లో ఒక్కరైనా ఫోరెన్సిక్ రిపోర్టు కోసం రోజులు లెక్కపెట్టుకునే గాజువాక ఎస్సై కథ తీస్తే, మొదటి ఆటకే బాబాయిని తీసుకెళ్తాను.