స్ట్రాబెర్రీలు ఐదారు రోజులు నిలవాలంటే

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

లంబసింగి నుంచి విశాఖ తెచ్చుకున్న రెండు కిలోల స్ట్రాబెర్రీల్లో సగానికి పైగా మూడో రోజుకే బూజు పట్టాయని రాశావు. ఇంటికి రాగానే కడిగాను, తొడిమలు తీశాను, గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, ఇంకేం చెయ్యాలి పెద్దమ్మా అని అడిగావు. కొత్తగా ఏదో చెయ్యడం కాదు తల్లీ, ముందు ఆ మూడూ మానెయ్యాలి. కడిగినందువల్ల చెమ్మ చేరింది. తొడిమ తీసినచోట గాయమైంది. గట్టి మూత పెట్టేసరికి ఆ చెమ్మ బయటికి పోయే దారి లేకపోయింది.

ఈ పండులో నూటికి తొంభై పాళ్లు నీరే. అరటికో బత్తాయికో ఉన్నట్టు కాపాడే తొక్క లేదు, గోరు తగిలినా పైపొర చిట్లిపోతుంది. దీన్ని పాడుచేసే బూజులు ముఖ్యంగా రెండు. నీ డబ్బాలో వచ్చింది ఏదో గుర్తుపడితే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. బూడిదరంగు నూగులా పట్టేది బోట్రైటిస్. అది చాలాసార్లు పూత దశలోనే లోపలికి చేరి, కాయ పండేదాకా కంటికి కనపడకుండా ఉంటుంది. అందుకే పైకి నిగనిగలాడిన పండుకి కూడా రెండ్రోజుల్లో పడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర కూడా ఇది మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఫ్రిజ్ దీన్ని చంపదు, ఆలస్యం చేస్తుంది అంతే. రెండోది రైజోపస్. పొడుగాటి తెల్ల పోగులు, వాటి చివర నల్లటి చుక్కలు, పండు కరిగినట్టయి అడుగున ఎర్రగా రసం కారడం దీని గుర్తులు. 5 డిగ్రీల లోపు ఇది పెరగదు. కాబట్టి నల్ల చుక్కలు, రసం కనిపించాయంటే పండు బయట ఎక్కువసేపు ఉందనో, నీ ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదనో అర్థం. ఒక చిన్న థర్మామీటర్ కొని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చూడు. 4 డిగ్రీలో, అంతకంటే తక్కువో చూపించాలి.

ఇక కొనేదగ్గర. స్ట్రాబెర్రీ కోశాక మరి మాగదు. మామిడిలా గడ్డిలో వేస్తే తియ్యబడే పండు కాదు. రంగు కొంచెం ముదిరితే ముదురుతుందేమో గాని తీపి పెరగదు. తొడిమ కింద మెడ దాకా ఎర్రబడినవే తినడానికి తీసుకో. మెడ దగ్గర తెల్లగా ఉన్నవి జామ్‌కి పనికొస్తాయి, ఆ సంగతి కింద రాస్తాను. పెట్టెను పైనుంచి చూసి మురిసిపోకుండా ఎత్తి అడుగు చూడు. అడుగున తడి మరక ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దను. ముచ్చిక ఆకులు పచ్చగా, నిలబడి ఉండాలి. వాడి గోధుమరంగుకి తిరిగితే కోసి చాలాసేపయింది. లంబసింగిలో తోట దగ్గరే కొంటావు కాబట్టి పొద్దున్నే, మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసినవి అడుగు. మంచు తడి ఆరకుండా కోసినవి పెట్టెలోనే నానిపోతాయి, మధ్యాహ్నం కోసినవి వేడిగా ఉంటాయి. రెండూ మంచివి కావు. నువ్వే కోసుకునే తోటైతే పండును పట్టుకుని లాగకు. పండుకి పైన అంగుళం ఎత్తున కాడను గోటితో తుంచు.

వ్యాపారానికి పండించేవాళ్లు కోసిన గంటలోపే పండును చల్లబరచాలని చూస్తారు. మనం నర్సీపట్నం ఘాట్ దిగి విశాఖ చేరేసరికి మూడు నాలుగు గంటలు పడుతుంది, ఆ మూడు నాలుగు గంటల్లోనే సగం నష్టం జరిగిపోతుంది. కారు డిక్కీలో అసలు పెట్టకు. ఒక థర్మోకోల్ పెట్టె తీసుకెళ్లు. ముందురోజు రాత్రి రెండు లీటరు సీసాలను ముప్పావు వంతు నీళ్లతో నింపి గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కకి నిలబెట్టు. పళ్లు రెండో పక్కన. మంచుగడ్డ నేరుగా పండుకి ఆనితే ఆనినచోట గడ్డకట్టి, ఇంటికొచ్చాక నీరుకారి కుళ్లుతుంది. ఒకదానిమీద ఒకటి రెండు వరసలకి మించి పేర్చొద్దు. మలుపుల్లో పైవి కదిలి కిందివాటిని నలిపేస్తాయి.

ఇంటికి చేరాక మొదటి అరగంటలో చేసే పని మీదే మిగతా వారమంతా ఆధారపడుతుంది. విశాఖ గాలిలో చెమ్మ సంగతి నీకు తెలుసు. చల్లటి పెట్టె తెరవగానే పండ్లన్నిటికీ చెమట పడుతుంది. ఒక వెడల్పాటి పళ్లెంలో నూలుగుడ్డ పరిచి, పండ్లు ఒక్క వరసలో పరిచి, ఫ్యాన్ కింద పది పదిహేను నిమిషాలు వదిలెయ్యి. తడి ఆరుతుంది. ఈలోగా ఒక్కొక్కటీ తిప్పి చూసి మూడు భాగాలు చెయ్యి. గట్టిగా, దెబ్బలేకుండా ఉన్నవి దాచడానికి. మెత్తబడినవి, మిగలముగ్గినవి, చిన్న నలుగుడు ఉన్నవి ఈ రోజు తినడానికి. బూజు చుక్క కనిపించినవి చెత్తబుట్టలోకి. చుక్క ఉన్నంతమేర కోసేసి మిగతాది తింటానంటావేమో, వద్దు. ఇంత మెత్తటి పండులో బూజు పోగులు కంటికి కనపడేదానికన్నా లోతుగా పాకి ఉంటాయి. దానికి ఆనుకుని ఉన్న పండ్లను కూడా దాచేవాటిలో కలపకు. అవి బాగానే కనిపిస్తే కడిగి అప్పుడే తినెయ్యండి.

దాచడానికి లోతు లేని వెడల్పు డబ్బా కావాలి. అడుగున ఉతికి ఆరబెట్టిన పాత పంచె ముక్క రెండు మడతలు వెయ్యి, లేదా టిష్యూ కాగితం. వార్తాపత్రిక మాత్రం వెయ్యకు, ఆ సిరా తినే వస్తువుకి తగలకూడదు. తొడిమ కిందికి, మొన పైకి వచ్చేట్టు ఒక్క వరస పేర్చు, ఒకదానికొకటి ఆనకుండా. పైన ఇంకో పల్చటి గుడ్డ కప్పి, మూత కాస్త ఓరగా పెట్టు. మూత అసలే లేకపోతే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో తిరిగే గాలికి పండు వడలి ముడతలు పడుతుంది, గట్టిగా పెడితే చెమటపడుతుంది. ఫ్రిజ్ తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. లోపలి వైపు, వెనక్కి ఉన్న అర మంచిది. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే మాత్రం ఫ్రీజర్ కిందున్న ట్రేలో పెట్టకు, అక్కడ పండు గడ్డకట్టే ప్రమాదం ఉంది. కూరల అర కూడా పరవాలేదు గాని పచ్చిచేపల డబ్బా, తరిగిన ఉల్లిపాయలు పక్కన ఉండకూడదు. ఈ పండు వాసన ఇట్టే పట్టేస్తుంది.

రోజూ ఒక్కసారి తీసి చూడు, అర నిమిషం పని. పాడైనదాన్ని తీసెయ్యి, గుడ్డ తడిస్తే మార్చు. తినేటప్పుడు డబ్బా మొత్తం బల్లమీద పెట్టుకుని అరగంట కూర్చోకండి. కావలసినన్ని గిన్నెలోకి తీసుకుని డబ్బా వెంటనే లోపల పెట్టెయ్యి. బయటికీ లోపలికీ తిరిగిన ప్రతిసారీ పండుకి మళ్లీ చెమట పడుతుంది. ఇలా చేస్తే మంచి పండు ఐదారు రోజులు నిలుస్తుంది. అంతకంటే ఎక్కువ ఆశించకు. కోల్డ్ స్టోరేజీలో సున్నా డిగ్రీల్లో పెట్టినా దీనికి వారమే ఆయుష్షు.

కడగడం తినేముందే. అది కూడా తొడిమతోటే, కొళాయి ధార కింద, చిల్లుల గిన్నెలో. తొడిమ తీసి కడిగితే ఆ గుంటలోంచి నీరు లోపలికెళ్లి పండు చప్పబడుతుంది.

వెనిగర్ నీళ్లలో కడిగి పెట్టుకుంటే ఎక్కువ రోజులుంటాయని ఎవరో చెప్పారన్నావు. నిజమే, ఒక గ్లాసు తెల్ల వెనిగర్‌కి మూడు గ్లాసుల నీళ్లు, రెండు మూడు నిమిషాలు, తర్వాత మంచినీళ్లతో కడగడం. పైనున్న బూజు విత్తులు తగ్గుతాయి. అయితే ఆ తర్వాత బొట్టు తడి కూడా లేకుండా ఆరబెట్టాలి, ముచ్చిక ఆకుల అడుగున కూడా. అందరూ తప్పేది అక్కడే. సగం ఆరినవి దాచేకంటే అసలు కడగనివి దాచడం మేలు. నన్నడిగితే వెనిగర్ కన్నా వేడినీళ్లు నయం. 52 డిగ్రీల నీళ్లలో సరిగ్గా 30 సెకన్లు ముంచి తీస్తే బూజు వెనక్కి తగ్గుతుంది, పండు ఉడకదు. మూడు గ్లాసుల మరిగే నీళ్లు, ఐదు గ్లాసుల మామూలు కొళాయి నీళ్లు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. థర్మామీటర్‌తో సరిచూసుకున్నాకే పండ్లు వెయ్యి. ఒక్కసారికి పది పన్నెండు మాత్రమే, ఎక్కువ వేస్తే నీళ్లు చల్లారిపోతాయి. తియ్యగానే ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లోకి. మబ్బు రోజుల్లో కోసిన పండుకి, బజారులో పెట్టెల్లో కొన్న మహాబలేశ్వరం పండుకి ఇది చెయ్యి. ఎండ రోజున తోటలో కొన్న మంచి పండుకి అవసరం లేదు.

రెండు కిలోలు కొన్నప్పుడు అన్నీ పచ్చిగా దాచాలనుకోకు. మొదటిరోజే కిలో ఫ్రీజర్‌కి వేరు చెయ్యి. నాలుగు రోజులు ఆగి, పాడైపోతున్నాయని ఫ్రీజర్‌లో వేస్తే వడలిన పండే గడ్డకడుతుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు తొడిమ తీసి, పళ్లెంలో విడివిడిగా పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచు. గులకరాళ్లలా గట్టిపడ్డాక జిప్ సంచిలోకి మార్చి, గాలి నొక్కేసి, పైన తేదీ రాసి పెట్టు. నేరుగా సంచిలో వేస్తే అన్నీ ఒకే ముద్దగా అతుక్కుని, మిల్క్‌షేక్‌కి నాలుగు కావాలన్నా ముద్దంతా కరిగించాల్సి వస్తుంది. రంగూ రుచీ ఇంకా బాగా నిలవాలంటే ముక్కలు కోసి, కిలోకి 200 నుంచి 250 గ్రాముల పంచదార కలిపి, అది కరిగాక చిన్న డబ్బాల్లో గడ్డకట్టించు. వేరే తలుపున్న ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల్లో, ఎనిమిది నెలలు దాటినా బాగుంటాయి. సింగిల్ డోర్ లోపలుండే చిన్న ఫ్రీజర్ అంత చల్లబడదు, నెలలోపు వాడెయ్యి. కరిగాక పండు మెత్తగా జారిపోతుంది, లోపలి మంచు పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి కాబట్టి అది తప్పదు. షేక్‌కి, ఐస్‌క్రీమ్‌కి, జామ్‌కి వాడుకో, పళ్లెంలో పెట్టి వడ్డించడానికి పనికిరాదు. కరెంటు పోయి కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించకు, చల్లగా ఉండగానే జామ్ చేసెయ్యి.

జామ్‌కి కిలో పండుకి 750 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం. స్ట్రాబెర్రీలో పెక్టిన్, అంటే జామ్‌ని గట్టిపరిచే పదార్థం, తక్కువ, అందుకే నిమ్మరసం లేకుండా చేస్తే చిక్కబడక పాకంలా జారుతుంది. మెడ తెల్లగా ఉన్న దోరపండ్లలో పెక్టిన్ కాస్త ఎక్కువ, నాలుగో వంతు అవి కలిపితే బాగా గట్టిపడుతుంది. పండు, పంచదార కలిపి రెండు గంటలు ఊరనిచ్చి, మందపాటి స్టీలు గిన్నెలో (అల్యూమినియం వద్దు, పులుపుకి పడదు) కలుపుతూ ఉడికించు. ఫ్రీజర్‌లో పెట్టిన సాసరు మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెడితే ముడతపడాలి. అప్పుడు దించి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి ఆరబెట్టిన గాజుసీసాలో వేడిగా ఉండగానే పొయ్యి. చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచి, ఎప్పుడూ పొడి చెంచాయే వాడండి.

మీ ఆయన తెచ్చే బ్లూబెర్రీలకి ఇంత హడావుడి లేదు. వాటిమీద తెల్లటి బూడిదలా ఉండేది మురికి కాదు, పండుని కాపాడే మైనపు పొర. తుడవకు, కడగకు, కొన్న పెట్టెతోనే ఫ్రిజ్‌లో పెడితే పది రోజులు ఉంటాయి. మల్బరీలైతే ఆ పూటే తినాలి. జూన్‌లో నేరేడు వచ్చినప్పుడు కూడా ఈ పద్ధతే, కడగకుండా, పగిలినవి ఏరేసి, ఒక్క వరసలో. బయట రెండు రోజులకే ముడత పడే పండు ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. అడుగున మంచి గుడ్డ వెయ్యకు, ఆ మరక ఉతికినా వదలదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ