పది మీటర్ల గురికి టెలిస్కోప్ కావాలా?

ప్రశ్న: పదమూడేళ్ల మా అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. టెలిస్కోప్ బిగిస్తే గురి త్వరగా కుదురుతుందని ఒక దుకాణదారు చెబుతున్నారు. కొనమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: వద్దండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం ఈ పోటీలో రైఫిల్‌పై టెలిస్కోప్ ఉండకూడదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది రంధ్రపు సైటుతోనే, అంటే చిన్న రంధ్రం గుండా చూసి గురిపెట్టే అమరికతోనే. పైగా వేట తుపాకుల టెలిస్కోపులను సాధారణంగా 100 గజాల దూరానికి సరిచేసి ఉంచుతారు కనుక, 10 మీటర్ల వద్ద లక్ష్యం మసకగా కనిపించడమే కాక, కన్ను కాస్త పక్కకు జరిగినా గురి తప్పుతుంది.

వెనుక సైటులోని చిన్న రంధ్రం గుండా చూస్తే, ముందు సైటులోని వలయమూ దూరాన ఉన్న లక్ష్యమూ చాలావరకు ఒకేసారి స్పష్టపడతాయి. 30.5 మిల్లీమీటర్ల నల్లని వృత్తాన్ని, చుట్టూ తెల్లని అంచు సమంగా కనిపించేలా, ఆ వలయం నడుమ నిలపాలి. పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే కాబట్టి దాని కోసం వెతకకుండా, చూపును ముందు వలయంపైనే ఉంచాలి. వలయం ఎంత చిన్నదైతే గురి అంత కచ్చితమని పిల్లలు భావిస్తారు. నా దృష్టిలో ఇదే పెద్ద పొరపాటు, ఎందుకంటే తెల్లని అంచు మరీ సన్నబడితే స్వల్ప కదలిక కూడా భయపెట్టి, ట్రిగ్గర్ నొక్కడాన్ని ఆలస్యం చేయిస్తుంది. కాస్త పెద్ద వలయంతో మొదలుపెట్టించండి. అంతకంటే ముందు కంటి పరీక్ష చేయించండి. అవసరమైతే కళ్లజోడు ధరించడానికి నియమాలు అనుమతిస్తాయి.