ఆర్మీ నుంచి వచ్చాక నిద్ర పట్టని మావారికి గుర్రపు స్వారీ థెరపీ పనికొస్తుందా?

రాత్రి రెండింటికి లేచి తలుపు గడియలు చూసుకోవడం, ఎక్కడ కూర్చున్నా వీపు గోడకే ఉండాలనడం, ఏమన్నా అడిగితే "నాకేం కాలేదు" అని కసురుకోవడం... మీవారి గురించి మీరు రాసింది చదువుతుంటే నా గురించే ఎవరో రాసినట్టుంది. యూనిఫాం విప్పి ఇంటికొచ్చాక మూడేళ్ళు నేనూ ఇంట్లోవాళ్ళని ఇలాగే ఏడిపించాను. నేను డాక్టర్ని కాదు. పది వారాలు గుర్రాల దగ్గరికి వెళ్ళొచ్చిన మనిషిగా చెబుతున్నాను.

నాకు పనికొచ్చింది. అయితే గుర్రమెక్కి దూసుకుపోతుంటే బాధలన్నీ మర్చిపోతామనుకుంటే పొరపాటు. మొదటి మూడు వారాలు నన్నసలు ఎక్కనివ్వనే లేదు.

నాకు అప్పజెప్పింది ఒక ముసలి ఆడగుర్రాన్ని. చేతికో బ్రష్ ఇచ్చి దువ్వమన్నారు. ఇందుకేనా ఇంత దూరం వచ్చింది అని చిర్రెత్తుకొచ్చింది. ఆ విసురుతోనే దాని దగ్గరికి నడిచాను. ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే చెవులు వెనక్కి మడిచి పక్కకి జరిగిపోయింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ జరిగింది. శిక్షణ ఇచ్చే ఆవిడ "ఒకసారి మీ భుజాలు చూసుకోండి" అంది. చూసుకుంటే రెండు భుజాలూ చెవుల దాకా ఎక్కి ఉన్నాయి, దవడ బిగుసుకుపోయి ఉంది, ఊపిరి పైపైనే ఆడుతోంది. ఎప్పట్నుంచి అలా ఉన్నానో నాకే తెలీదు. గట్టిగా ఊపిరి వదిలి, చేతులు వదులు చేసి, ఈసారి ఎదురుగా కాకుండా పక్కనుంచి నెమ్మదిగా వెళితే కదలకుండా నిలబడింది. కౌన్సెలింగ్‌లో ఇదే మాట ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. మనిషి చెబితే వాదించొచ్చు, గుర్రంతో ఏం వాదిస్తాం?

గుర్రం వేటకి బలయ్యే జాతి. కళ్ళు తలకి చెరో పక్కనా ఉండబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. చెవులు దేనికది తిరుగుతాయి. ఒక రకంగా మాలాగే ఎప్పుడూ కాపలా డ్యూటీలోనే ఉంటుంది. ఒకరోజు దాన్ని తాడు పట్టుకుని నడిపిస్తుంటే, లాయం మీద కప్పిన టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంది. గుర్రం ఒక్క గెంతు గెంతింది. నేను తాడు వదిలేసి కంచె పక్కన బోర్లా పడుకున్నాను. తలెత్తి చూసేసరికి అది తాపీగా గడ్డి మేస్తోంది. నా చేతుల వణుకు తగ్గడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. నిజం చెప్పొద్దూ, దాన్ని చూస్తే కుళ్ళు కూడా పుట్టింది. అదీ ఉలిక్కిపడింది, నేనూ ఉలిక్కిపడ్డాను. అది వెంటనే తేరుకుంది. నాకు చేతకానిది అదొక్కటే అని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత వారాలన్నీ నేను చేసిన సాధన దాని మీదే.

నాలుగో వారం ఎక్కించారు. ఒకరు ముందు తాడు పట్టుకుని, ఇద్దరు చెరో పక్కనా నడిచారు. గుర్రం నడుస్తుంటే మన నడుము మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది. నా పాడు మోకాలు పనికిరాదని గొణిగితే లిస్ హార్టెల్ సంగతి చెప్పారు. డెన్మార్క్ ఆవిడ. 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద చచ్చుబడినా, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో వెండి పతకం కొట్టింది. ఇక మోకాలి మాట ఎత్తలేదు.

పరిశోధనలు ఉన్నాయా అని కూడా అడిగారు. ఉన్నాయి గానీ చిన్నవి. అమెరికాలో 29 మంది మాజీ సైనికులతో ఆరు వారాలు స్వారీ చేయించి 2018లో ఫలితాలు ప్రచురించారు, పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల తర్వాత మనసుని వదలకుండా పీడించే జబ్బు) లక్షణాలు తగ్గాయి. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 63 మందితో ఎనిమిది వారాలు, వారానికి 90 నిమిషాల చొప్పున చేశారు. అందులో స్వారీ లేదు, నేల మీద గుర్రంతో పనే. చాలామందికి మెరుగైంది కానీ, పోల్చి చూడటానికి వేరే గ్రూపు పెట్టలేదు. అందుకే దీన్ని చికిత్సకి తోడుగా పెట్టుకోండి, బదులుగా వద్దు. ట్రామా కౌన్సెలింగ్‌కి దీనికంటే చాలా గట్టి ఆధారాలున్నాయి. నేను కౌన్సెలింగూ మానలేదు, మాత్రలూ మానలేదు. ఇప్పటికీ వారానికి రెండు రాత్రులు మెలకువ వస్తుంది. గడియ ఒక్కసారి చూసి వచ్చి పడుకుంటాను.

చేర్చేముందు వెన్నెముక దెబ్బలు, ఫిట్స్, రక్తం పలచబడే మందులు ఇలాంటివేమన్నా ఉంటే డాక్టర్‌ని తప్పకుండా అడగండి. అక్కడ మానసిక వైద్యం తెలిసినవాళ్ళు ఉన్నారా లేక స్వారీ నేర్పేవాళ్ళు మాత్రమేనా అన్నది కూడా కనుక్కోండి. రెండోదైతే అది స్వారీ క్లాసు, తప్పేం లేదు, కానీ థెరపీ కాదు. వెనకనుంచి ఎవరూ రావొద్దని మొదటిరోజే మీవారినే చెప్పమనండి.

ఇంటికొచ్చాక మాత్రం "ఎలా ఉంది, ఏమన్నా తగ్గిందా" అని అడక్కండి. మా ఆవిడ గుర్రం పేరేంటని అడిగింది, అంతే. పేరు చెప్పి ఊరుకుందామనుకున్నవాణ్ణి గంటసేపు మాట్లాడాను.